లయం: ఇల్లు కంపెనీది, చాకిరీ మనది

కొండ ప్రాంతాల దళితుల గురించి మనం రాసుకున్నది తక్కువ. వెలివాడ అంటే మన కళ్ళ ముందు మైదానపు ఊరే కనిపిస్తుంది. ఊరు ఒకవైపు, చెరువు, పొలాలు, ఊరికి ఎడంగా మాలపల్లె, మాదిగగూడెం. కానీ ఊరే లేని చోట వెలివాడ ఎట్లా ఉంటుంది? చుట్టూ పాతిక మైళ్ళు ఒకే కంపెనీ భూమి అయినచోట, దుకాణం, ఆసుపత్రి, బడి, చివరికి పాడె వెళ్ళే దారి కూడా ఆ కంపెనీ భూమిలో నుంచే పోయేచోట అంటరానితనం ఏ రూపం తీసుకుంటుంది? కేరళలోని ఇడుక్కి జిల్లా మున్నార్ కొండలు ఈ ప్రశ్నకు జవాబు చెబుతాయి. సెలవులకు పోయి ఫోటోలు దిగి వచ్చే మధ్యతరగతికి మున్నార్ అంటే పచ్చటి తివాచీ. ఆ తివాచీ నేసిన చేతులు ఎవరివి, ఆ చేతులు రాత్రిపూట ఎక్కడ తల వాలుస్తాయి అన్నదే ఇక్కడ మన విషయం.

ముందు భూమి సంగతి. ఈ కొండలు ముతువాన్ ఆదివాసులు తిరుగాడిన నేల. కణ్ణన్, దేవన్ అనే ఇద్దరు ఆదివాసి పెద్దల పేరు మీదనే కణ్ణన్ దేవన్ కొండలు అన్న పేరు వచ్చిందని చెప్పుకుంటారు. టీ పొట్లం మీద ఆ పేరు మిగిలింది, నేల మాత్రం పోయింది. 1877లో పూంజార్ రాజు ఈ కొండల్ని జాన్ డేనియల్ మన్రో అనే దొరకు రాసిచ్చాడు. రాజు ఇచ్చాడు, దొర తీసుకున్నాడు. అక్కడ బతుకుతున్నవాళ్ళను ఎవరూ అడగలేదు. మొదట సింకోనా, కాఫీ, ఏలకులు వేశారు. 1880ల నుంచి తేయాకు మొదలై చివరికి అదే నిలిచింది. 1897లో కణ్ణన్ దేవన్ హిల్స్ ప్రొడ్యూస్ కంపెనీ ఏర్పడింది. తర్వాత ఫిన్లే, 1960లలో టాటా-ఫిన్లే, 1980లలో టాటా టీ, 2005 నుంచి ఉద్యోగులే ఎక్కువ వాటాదారులుగా ఉన్న కంపెనీ. యజమాని పేరు ఇన్నిసార్లు మారినా ఆకు కోసే మనిషి కులం మారలేదు. దీన్ని కాకతాళీయం అనుకోవడం కష్టం.

అడవి కొట్టడానికి, మొక్కలు నాటడానికి మనుషులు కావాలి. ముతువాన్‌లు కూలికి లొంగలేదు. పశ్చిమ తీరంలోని మలయాళీలు చలికి, జ్వరానికి భయపడి ఎక్కువమంది రాలేదు. దొరల చూపు కొండకు అవతలివైపు, మధుర, తిరునెల్వేలి జిల్లాల మీద పడింది. అక్కడ కరువులున్నాయి, అప్పులున్నాయి, భూమి లేని పళ్ళర్, పఱైయర్, అరుందతియార్ కులాలున్నాయి. కంగాణీ అనేవాడు ఊరికి వెళ్ళి అడ్వాన్సు ఇచ్చి కుటుంబాలకు కుటుంబాల్నే కొండెక్కించేవాడు. కంగాణీల్లో కొందరు పైకులాలవాళ్ళు, కొందరు అదే కులంలో కాస్త పలుకుబడి ఉన్నవాళ్ళు. తను తెచ్చిన మనుషులు పనిలోకి వచ్చిన ప్రతి రోజుకూ తలకింత అని కంపెనీ నుంచి కంగాణీకి ముట్టేది. కూలివాడు అడ్వాన్సు తీర్చేదాకా కొండ దిగలేడు. బియ్యం, కంబళి కూడా ఖాతాలోనే రాసేవారు కాబట్టి ఆ అప్పు తీరేదీ కాదు. పాలేరుతనం అంటే ఏమిటో తెలిసిన మన పాఠకులకు ఇంతకన్నా వివరించనక్కరలేదు. పొలం పోయి తోట వచ్చింది, కామందు పోయి కంగాణీ వచ్చాడు.

ఇక్కడ తెలుగువాళ్ళం గమనించాల్సిన సంగతి ఒకటుంది. అరుందతియార్లలో చాలామంది ఇంటిభాష తెలుగు. తమిళనాడు నుంచి ఈ తోటలకు ఎక్కినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. ఆంధ్రా నుంచి తేయాకు తోటలకు పోయిన వలస అంటే మనకు గంజాం, విశాఖ ప్రాంతాల నుంచి అస్సాం వెళ్ళినవాళ్ళే గుర్తుకొస్తారు. కేరళ కొండల్లో ఈ దళితులకు ఇంట్లో తెలుగు, పనిలో తమిళం, ఆఫీసులో మలయాళం. మన సాహిత్య చరిత్రలు ఈ తెలుగును తెలుగుగా లెక్కపెట్టవు. అది వేరే చర్చ, పోనీండి.

ఇప్పుడు ఇంటి దగ్గరికి వద్దాం. ఎందుకంటే ఈ కొండల్లో దోపిడీ కీలకం కూలి డబ్బుల్లో కన్నా ఇంటిలోనే ఎక్కువుంది. తోటల్లో కూలీల ఇళ్ళను లయం అంటారు. ఇంగ్లీషులో ‘లైన్’ అన్నది అక్కడి నోళ్ళలో లయం అయింది. పొడవాటి ఒకే కప్పు కింద వరసగా ఇళ్ళు. ఒక గది, చిన్న వంటిల్లు, ముందు సన్నటి వసారా. పక్కింటికీ మనకూ మధ్య ఒకటే గోడ. ఆ గదిలోనే అత్తమామలు, కొడుకూ కోడలూ, ఎదిగిన పిల్లలు. పై అధికారి బంగళా గుట్ట మీద ఉంటుంది, గుమాస్తాల క్వార్టర్లు దాని కింద, లయాలు వాగు పక్కన గానీ వాలు మీద గానీ. మంచి నేల తేయాకుకు పోగా మిగిలిన చోట మనుషుల్ని పెట్టారు. తోట పటాన్ని ఒకసారి చూస్తే చాలు, కుల నిచ్చెన ఎత్తుపల్లాల లెక్కల్లో కనపడుతుంది.

1951లో తోట కార్మికుల చట్టం వచ్చింది. ఇల్లు, నీళ్ళు, వైద్యం, పసిపిల్లలకు శిశుగృహం యజమాని కల్పించాలని చెప్పింది. మంచి చట్టమే. దాని కోసం కార్మికులు కొట్లాడారు. కానీ ఆ చట్టంలో ఒక ముడి ఉంది. ఇల్లు కార్మికుడి హక్కు కాదు, ఉద్యోగంతో పాటు వచ్చే వసతి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే గది. పని మానేసినా, తీసేసినా, వయసైపోయినా గది ఖాళీ చెయ్యాలి. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్ ఈ చట్టాన్ని తనలో కలుపుకుంది. ముడి మాత్రం విప్పలేదు.

ఈ ముడి ఎట్లా పనిచేస్తుందో ఆలోచించండి. నలభై ఏళ్ళు ఆకు కోసిన అమ్మ రిటైరు అవుతుంది. ఆమెకు గ్రాట్యుటీ వస్తుంది, గది పోతుంది. గది నిలవాలంటే ఇంట్లో ఒకరు పనిలో చేరాలి. కాలేజీకి పోవాలనుకున్న కూతురో, పట్నంలో ఏదో పని చూసుకున్న కొడుకో వెనక్కి రావాలి. కూలి ఎక్కువని గాదు, తల్లిదండ్రుల నెత్తిన కప్పు నిలబెట్టడానికి. మూడు నాలుగు తరాలు ఒకే తోటలో ఎందుకు ఉండిపోయాయి, వీళ్ళకు చొరవ లేదా అని అడిగే పెద్దమనుషులకు జవాబు ఇది. సంకెళ్ళు కాళ్ళకు లేవు, పైకప్పుకు ఉన్నాయి. వెట్టిని చట్టం రద్దు చేసింది గానీ, ఇల్లు పోతుందన్న భయంతో తరం తర్వాత తరం చేసే చాకిరీకి మన చట్టాల్లో పేరు లేదు. పీర్మేడు వైపు 2000 తర్వాత కొన్ని ఎస్టేట్లు మూతపడ్డప్పుడు ఇదే మరో రూపంలో కనపడింది. కూలి ఆగింది, బకాయిలు రాలేదు, అయినా జనం కారుతున్న కప్పుల కిందే ఉండిపోయారు. గది వదిలితే రావలసిన గ్రాట్యుటీ మీద ఒత్తిడి పెట్టే చివరి ఆధారం కూడా పోతుంది గదా!

పని సంగతి. తెల్లవారి చలిలో మస్టరు పడుతుంది. కొండవాలు మీద, మంచులో, జలగల మధ్య ఆకు కోత. కోసేది ఆడవాళ్ళు. మగవాళ్ళకు మందు కొట్టడం, కొమ్మలు కత్తిరించడం, ఫ్యాక్టరీ పని, కొద్దిమందికి సూపర్‌వైజరు పని. రెండాకులు ఒక మొగ్గ అని పుస్తకాల్లో రాస్తారు గానీ కత్తెరలు వచ్చాక చేతి కోత తగ్గింది, బరువు పెరిగింది. రోజుకు ఇన్ని కిలోలు కోస్తేనే పూర్తి కూలి. అంతకుమించి కోసినదానికి కిలోకింత. నెలాఖరున కోతలు పోను చేతికొచ్చేది వేరే లెక్క. తూకం దగ్గర తడి అని, ముదురాకు అని కొట్టేసే కిలోలు ఎవరి ఖాతాలోనూ కనపడవు. పత్తి తూకాల దగ్గర మన అమ్మలు పడే బాధే ఇది. నడుము నొప్పి, అరిగిన మోకాళ్ళు, పురుగుమందు వాసన — ఇవన్నీ రోజువారీ సంగతులు, వార్తలు గావు.

ఈ జనానికి సొంత నేల ఎందుకు లేకుండా పోయింది? కేరళ భూసంస్కరణల గురించి మన కమ్యూనిస్టు మిత్రులు గొప్పగా చెబుతారు. కొంత నిజమే. 1970 జనవరి 1 నుంచి అమలైన సవరణతో కౌలుదార్లకు భూమి మీద హక్కు వచ్చింది. కానీ కౌలుదారు ఎవరు? దళితుడు కౌలుదారు కాదు, కూలి. అతనికి పల్లెల్లో దక్కింది గుడిసె చుట్టూ పది సెంట్లు. తోటలకు భూపరిమితి నుంచే మినహాయింపు ఇచ్చారు. లయంలో ఉన్నవాళ్ళకు ఆ పది సెంట్లు కూడా రాలేదు, ఎందుకంటే చట్టం దృష్టిలో అది వాళ్ళ ఇల్లు కాదు. కణ్ణన్ దేవన్ భూముల్ని స్వాధీనం చేసుకోవడానికి 1971లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. రైతులకు, వ్యవసాయ కూలీలకు భూమి పంచడం దాని ఉద్దేశాల్లో ఒకటి. తేయాకు ఉన్న నేల కంపెనీ దగ్గరే ఉండిపోయింది, కూలీ లయంలోనే ఉండిపోయాడు. 2007లో పత్తనంతిట్ట జిల్లా చెంగరలో వేరొక తోట కంపెనీ భూమిలోకి వేలమంది దళితులు, ఆదివాసులు వెళ్ళి గుడిసెలు వేసుకున్నప్పుడు అడిగింది ఇదే. ఇల్లు కట్టుకునే మూడు సెంట్లు కాదు, సేద్యం చేసుకునే భూమి.

మన పాడేరు, అరకు కొండలతో ఒకసారి పోల్చి చూడాలి. అక్కడ 1959 రెగ్యులేషన్, దాన్ని గట్టి చేసిన 1/70 ఉన్నాయి. 1997లో సమతా తీర్పు వచ్చింది. వాటికి తూట్లు పొడిచినవాళ్ళు తక్కువేమీ కాదు. అయినా అరకు కాఫీ పండించేది ఎక్కువగా తమ చిన్న చిన్న కమతాల్లో ఆదివాసి రైతులే. దళారీ మోసం చేసినా, రోడ్డు లేక గర్భిణిని డోలీలో మోసినా, వాళ్ళను ఇంట్లోంచి పొమ్మనే మేనేజరు లేడు. మున్నార్లో చక్కటి రోడ్లున్నాయి, ఆకు లారీ తిరగాలి గాబట్టి. ఆకు అవసరం లేని చోటికి ఆ రోడ్లు పోవు. ఎడమలక్కుడి అనే ముతువాన్ పంచాయతీ 2010లో ఏర్పడింది, కేరళలో మొదటి గిరిజన పంచాయతీ అది. అక్కడ జబ్బు చేసినవాళ్ళను ‘మంచల్’ కట్టి మోసుకొచ్చిన వార్తలు ఎన్నో వచ్చాయి. డోలీకి మలయాళం పేరు మంచల్, అంతే తేడా.

నేల లేదు సరే, కులం కాగితమైనా ఉందా? ఇక్కడింకో చిక్కు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు తమిళులు ఎక్కువగా ఉన్న దేవికుళం, పీర్మేడు తాలూకాలు ఏ రాష్ట్రానికి పోవాలని పెద్ద గొడవ నడిచింది. రెండు వైపులా నాయకులు భాష గురించి, నీళ్ళ గురించి మాట్లాడారు, అక్కడి కూలీల కులం గురించి ఎవరూ మాట్లాడలేదు. కొండలు కేరళకు వచ్చాయి. అప్పటి నుంచి వీళ్ళు కేరళలో ‘తమిళులు’. ఎగతాళికి ‘పాండి’లు. సొంత ఊరికి పోతే మళ్ళీ చేరిలోకే. పీర్మేడు తోటల మీద పుస్తకం రాసిన జయశీలన్ రాజ్ ఆ తోట కార్మికుల బిడ్డే. కులమూ భాషా వర్గమూ కలిసి ఈ మనుషుల్ని ఎట్లా అణచాయో ఆయన 2022లో వచ్చిన ఆ పుస్తకంలో లోతుగా చూపించాడు. పళ్ళన్, పఱైయన్, చక్కిలియన్ పేర్లు తమిళనాడు ఎస్సీ జాబితాలోనూ ఉన్నాయి, కేరళ జాబితాలోనూ ఉన్నాయి. అయినా సర్టిఫికెట్ అడిగితే, 1950 రాష్ట్రపతి ఉత్తర్వు నాటికి మీ తాతలు ఇక్కడ ఉన్నట్టు రుజువేది అని అడుగుతారు. కంగాణీ వెంట కొండెక్కిన అవ్వకు ఏ కాగితం ఉంటుంది? పొలం పట్టా లేదు, ఇంటి పన్ను రసీదు లేదు. ఉన్న ఒక్క రికార్డు కంపెనీ బీరువాలో ఉంది.

ఇది ఎంతదాకా పోయిందంటే, దేవికుళం ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం నుంచి 2021లో గెలిచిన ఎమ్మెల్యే ఎ. రాజా ఎన్నికను 2023 మార్చిలో కేరళ హైకోర్టు కొట్టేసింది. కేరళకు సంబంధించిన హిందూ పఱైయన్‌గా ఆయన్ని ఒప్పుకోలేమన్నది. మతం ప్రశ్నతో పాటు వలస ప్రశ్న కూడా అందులో ఉంది. 2025 మేలో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగతోసి ఆయన ఎన్నిక చెల్లుతుందని చెప్పింది. ఎమ్మెల్యే గాబట్టి సుప్రీంకోర్టు దాకా పోగలిగాడు. తాలూకాఫీసు కిటికీ దగ్గర నిలబడ్డ ఇంటర్ పిల్లకు ఆ దారి లేదు. కులం సర్టిఫికెట్ కోసం తిరిగి తిరిగి అడ్మిషన్ గడువు దాటిపోవడం ఏమిటో, ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మాలాంటివాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

యూనియన్లు లేవా అంటే, ఉన్నాయి. పాతవి, పెద్దవి. మొదటి కమ్యూనిస్టు ప్రభుత్వం ఉండగానే 1958లో మున్నార్ తోటల సమ్మెలో పోలీసు కాల్పులు జరిగి ఇద్దరు కార్మికులు చనిపోయారు. ఆ త్యాగాల మీద పెరిగిన యూనియన్లలో కోసేది ఆడవాళ్ళు, మాట్లాడేది మగవాళ్ళు అన్న పద్ధతి స్థిరపడింది. 2015 సెప్టెంబరులో అది పగిలింది. అంతకుముందు 19 శాతం ఉన్న బోనస్‌ను 10 శాతానికి తగ్గిస్తున్నామని కంపెనీ చెప్పింది. వేలమంది ఆడవాళ్ళు కొండలు దిగి మున్నార్ రోడ్డు మీద కూర్చున్నారు. ఏ జెండా లేదు. పెంబిళై ఒరుమై — ఆడవాళ్ళ ఐక్యత — అని పేరు పెట్టుకున్నారు. పని మాది, దోచుకునేది మీరు అనే నినాదాలు కంపెనీ మీదే కాదు, యూనియన్ నాయకుల మీద కూడా పేలాయి. నాయకులు కంపెనీ ఇచ్చిన ఇళ్ళు అనుభవిస్తున్నారని ఆరోపించారు. చూడండి, అక్కడ కూడా ప్రశ్న ఇల్లే! స్థానిక ఎమ్మెల్యేతో సహా నాయకుల్ని దగ్గరికి రానివ్వలేదు. అచ్యుతానందన్ వచ్చి కూర్చుంటే మాత్రం కూర్చోనిచ్చారు. తొమ్మిది రోజులకు బోనస్, అదనపు మొత్తం కలిపి 20 శాతం సాధించారు. తర్వాత 232 రూపాయల రోజుకూలిని 500 చెయ్యమని అడిగారు. అక్టోబరు చర్చల్లో 301 దగ్గర తేల్చారు. అదే చర్చల్లో రోజుకు కొయ్యాల్సిన ఆకును 21 కిలోల నుంచి 25 కిలోలకు పెంచారు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తూకం వేసుకున్నారన్నమాట.

పత్రికలు ఆ సమ్మెను మహిళా చైతన్యం అని రాశాయి. కొందరు తమిళుల తిరుగుబాటు అన్నారు. దళిత స్త్రీల పోరాటం అని రాసినవాళ్ళు బహు తక్కువ. కేరళలో కులం లేదని చెప్పుకునే అలవాటు బలమైనది. గోమతి, లిస్సీ సన్నీ, ఇంద్రాణి లాంటి నాయకురాళ్ళు తర్వాత విడిపోయారు. ఆ సంస్థ మొదటి బలం నిలుపుకోలేదు. విడిపోవడం గురించి నిట్టూర్చే ముందు ఒకటి గుర్తుంచుకోవాలి. సమ్మె చేసిన ప్రతి ఆడదీ ఆ రాత్రి పోయి పడుకునేది కంపెనీ గదిలోనే.

2020 ఆగస్టు 6 రాత్రి. రాజమల దగ్గర పెట్టిముడిలో కొండ విరిగి నాలుగు లయాల మీద పడింది. 70 మంది పోయారు. నలుగురి శవాలు దొరకనే లేదు. కుటుంబాలకు కుటుంబాలే, చుట్టాలు పక్కాలు ఒకే వరసలో ఉంటారు గాబట్టి ఒకే వంశంలో పదిమంది ఇరవైమంది పోయినవాళ్ళున్నారు. వానకు కరెంటు, ఫోన్లు పోయి ఉన్నాయి. సంగతి బయటి ప్రపంచానికి తెలిసేసరికి తెల్లవారింది. మన తెలుగులో లయం అంటే నాశనం. ఆ మాట రాస్తుంటే చెయ్యి ఆడదు.

మరుసటి రోజు సాయంత్రం కరిపూర్ విమానాశ్రయంలో విమాన ప్రమాదం జరిగింది. అక్కడ చనిపోయినవాళ్ళ కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 10 లక్షలు ప్రకటించింది. పెట్టిముడి కుటుంబాలకు 5 లక్షలు. రెండూ దుఃఖాలే, ఏ దుఃఖమూ తక్కువది కాదు. ధర కట్టినవాడు మాత్రం తేడా చూపించాడు. ముఖ్యమంత్రి వచ్చినప్పుడు తోట కార్మికులకు సొంత భూమి, ఇల్లు ఇవ్వాలని రోడ్డు మీద అడ్డం పోయిన గోమతిని పోలీసులు పట్టుకుపోయారు. తర్వాత బతికి బయటపడ్డ 8 కుటుంబాలకు కుట్టియార్ వ్యాలీలో ఇళ్ళు కట్టించి ఇచ్చారు. అంటే సొంత ఇల్లు ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. అయితే అంతమంది చచ్చిపోయాకే అది సాధ్యమైంది. 2024 జూలై 30న వయనాడు జిల్లా ముండక్కై, చూరల్‌మలల్లో మళ్ళీ కొండ విరిగినప్పుడు పోయినవాళ్ళలో తోట లయాల మనుషులున్నారు. అప్పుడు ప్రకృతి విపత్తు అన్నారు. వాన ప్రకృతిదే. వాగు పక్కన లయం కట్టింది ఎవరు?

ఈ ప్రాంతాల మీద పనిచెయ్యాలనుకునే విద్యార్థులకు, కార్యకర్తలకు ఒక మాట. కూలి రేటుతో మొదలుపెట్టకండి, అది యూనియన్ ఆఫీసులో దొరుకుతుంది. గది ఎవరి పేరు మీద ఉందో అడగండి. అంతకుముందు ఎవరి పేరు మీద ఉండేది, ఆ మనిషి రిటైరయ్యాక ఎక్కడికి పోయింది, గ్రాట్యుటీ ఎప్పుడు చేతికొచ్చింది, గది నిలపడానికి చదువు మానేసింది ఎవరు, పిల్లల కులం సర్టిఫికెట్ ఏ రాష్ట్రంలో తీసుకున్నారు, చనిపోతే ఎక్కడ పూడుస్తారు అని అడగండి. మగవాళ్ళు పనికిపోయాక ఆడవాళ్ళను విడిగా అడగండి, సూపర్‌వైజరు లేనప్పుడు. అరుందతియార్ల ఇళ్ళలో అయితే తెలుగులోనే అడగవచ్చు.